నరసమ్మ గోడలో కంత

1998 ఎండాకాలం. హైటెక్ సిటీ పుణ్యమా అని నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల భూములన్నీ చేతులు మారుతున్న రోజులు. నేను కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన సర్వేయర్ని. బోరబండలో ఒంటి గది, కిరాయికి. ఆదివారం వస్తే నోరు విప్పే పనే ఉండేది కాదు. తలుచుకుంటే ఇప్పటికీ గుబులే.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో నరసమ్మ ఇంటి తగాదా నాకు అప్పగించారు. మొగుడు లేడు, పిల్లల్లేరు. పక్కింటివాళ్లు ఇల్లు అమ్ముకుని వెళ్లిపోయారు. కొన్నాయన దాన్ని పడగొట్టించి, మిగిలిన మధ్య గోడ కూడా తనదేనన్నాడు. అది పోతే నరసమ్మ ఇంటి కప్పు కూలుతుంది.

మా భాషలో పార్టీ వాల్ అంటే రెండిళ్లకూ ఉమ్మడి గోడ. ఒక్కరి ఇష్టంతో కూల్చడానికి వీల్లేదు. ఆ మట్టి ఇళ్లకు ప్లాన్లెక్కడివి? గోడనే అడగాలి. రెండు వైపులా దూలాలు ఆనించిన గుంటలున్నాయి. మధ్యలో గిన్నె పట్టేంత కంత కూడా ఉంది.

"ఇదేంటమ్మా?"

"నిప్పు అడుగనీకె, కూర ఇచ్చుకోనీకె సారు. గోడ కట్టేటప్పుడే మా అత్త, వాళ్ల అత్త మాట్లాడుకోని ఇడిసిపెట్టిన్రు."

అంటే ఇద్దరూ కలిసి కట్టుకున్న గోడే. కొన్నాయన మొహం మాడ్చుకున్నాడు గానీ, ఆ గుంటల్ని చూశాక కాదనలేకపోయాడు. ఉమ్మడి గోడ అని తేల్చేశాను. హమ్మయ్య అనిపించింది.

"ఇంటికింక భయం లేదమ్మా. వానలు రాకముందే ఆ కంత మూయించండి. పాములూ అవీ దూరతాయి."

"వద్దు సారు, ముయ్యను." కంత అంచు తడుముతూ అంది: "జర అటు దిక్కు పోయి, ఒక్కసారి వదినె అని పిలుస్తవా? పక్కింటి ఈశ్వరమ్మ ఇల్లు ఇడిసి పోయినప్పటి సంది, అటునుంచి పిలిచెటోళ్లే లేరు."

నాకు సిగ్గేసింది. అయినా వెళ్లాను. పక్కింటి మట్టిపెళ్లల మధ్య ఎండలో నిలబడి, కంత దగ్గరకు వంగి పిలిచాను.

"వదినే!"

లోపల గిన్నెల చప్పుడు.

"ఆ... ఒస్తున్న, ఉండు మరిదీ!"

కంతలోంచి చింతచిగురు పప్పు గిన్నె వచ్చింది. రెండు చేతులా అందుకున్నాను. ఇళ్లు కొలవడం నా ఉద్యోగం. పిలిస్తే పలికే మనిషి పక్కన లేకపోతే గోడ నిలబెట్టినా ఇల్లు నిలబడదని ఆ రోజే తెలిసింది. హైదరాబాదు వచ్చాక నన్ను వరస పెట్టి పిలిచిన మొదటి మనిషి ఆమే.