మా కోడలి కంప్యూటరు తెరుచుకోని రోజు

“ఆ జేబులో ఏటి పెట్టేవు? బైటికి తియ్యి.”

“అత్తయ్యా, అది మెషీన్లో ముక్కండి. తుడవడానికి తీసేను.”

“తుడిసేవాడివి బల్ల మీద పెట్టాల. జేబులోకెందుకెల్లింది?”

“బల్ల మీద దుమ్ముంటాదని...”

“మా బల్ల మీద దుమ్మా? పొద్దున్న నేనే తుడిసేను.”

“అత్తా, నువ్వూరుకో. వాడు నా తమ్ముడు.”

“తమ్ముడైతే జేబుండదేటే?”

అడిగింది నేను, అడ్డుపడింది మా కోడలు. ఆ జేబు మా కోడలి తమ్ముడిది. ఆ ముక్క మా ముందుగదిలో కంప్యూటరుది. వేలెడంత పొడవున్న పచ్చటి రేకు, ఒక అంచున బంగారు రంగు పళ్ళు. అతను దాన్ని జేబులోంచి తీసి, పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆ పళ్ళను రుద్దడం మొదలుపెట్టాడు. నేను పలక మీద చదువుకున్నదాన్ని, అదీ మూడో తరగతి దాకానే. రబ్బరుతో రుద్దితే కంప్యూటరు బాగుపడుతుందని నన్ను నమ్మమంటే ఎలా నమ్ముతాను? కుర్చీ దగ్గరకి లాక్కుని అతని చేతుల మీంచి చూపు తియ్యకుండా కూర్చున్నాను.

ముందుగది అని పేరే గాని అది మా కోడలి స్టూడియో. నా కొడుకు పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ తిరిగి ఫోటోలు తీస్తాడు. కోడలు వాటిని కంప్యూటర్లో దిద్ది అచ్చు వేస్తుంది. ఆ రోజు కొడుకు గోవాడ వైపు ఓణీల ఫంక్షనుకి వెళ్ళాడు. ఇంట్లో నేనూ, కోడలూ, రోలుగుంట నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడూ. అతనికి అక్కడ కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది.

గొడవ అసలు ఎలా మొదలైందో చెప్పాలి. కొన్నాళ్ళుగా ఆ కంప్యూటరు తెరవగానే ఏదో నీలం కాగితం లాంటిది అడ్డంగా వచ్చి నిలబడేది. ఏమిటని అడిగితే, లోపలి సిస్టం పాతబడింది, కొత్తది వేసుకోమంటోంది అని కోడలు చెప్పింది. పనిచేస్తున్న వస్తువు తనంతట తాను “నన్ను మార్చు” అని రోజూ అడుగుతుందా? దాని వెనక ఎవరో ఉండాలి, వాళ్ళకి ఇందులో ఏదో లాభముండాలి. ఆ మాటే అన్నాను. కోడలు నవ్వి, తమ్ముడికి ఫోను చేసింది. అతను పొద్దున్నే దిగి, ఊరికే ఎక్కించి పెడతానన్నాడు. ఊరికే అన్న మాట వినగానే నాకు అనుమానం రెట్టింపయింది.

ఏమాటకామాట చెప్పాలి, పొద్దున్న పని బాగానే జరిగింది. తాళంచెవి అంత పెన్‌డ్రైవు ఒకటి ముందు వైపు గుచ్చి, కొత్త సిస్టం ఎక్కించి, తెరిచి చూపించాడు. ఫోటోలన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవు తీసుకుని, బజార్లో పనుందని వెళ్ళాడు. కోడలు కాసేపు పని చేసుకుంది. నేను ఎప్పట్లాగే నా పాటల డబ్బాకి వైరు తగిలించి, ఆ కంప్యూటరు వెనకాల ఛార్జింగు పెట్టుకున్నాను. విశాఖలో చదువుకుంటున్న మనవరాలు నాకు తెచ్చిన డబ్బా అది. పొద్దునా సాయంత్రం భజనలు పాడుతుంది. గోడ ప్లగ్గుకి పెడితే దానికి వేరే కరెంటు కావాలి. కంప్యూటరు ఎలాగూ నడుస్తోంది, దాని వెనకాల తగిలిస్తే వెలుగుతున్న పొయ్యి మీదే నీళ్ళు కూడా కాచుకున్నట్టు. నెలల తరబడి నేను చేస్తున్న పనే.

మధ్యాహ్నం భోజనాలకి లేచేటప్పుడు కోడలు కంప్యూటరు కట్టేసింది. మనిషి ఎదురుగా లేకుండా ఏదీ వెలగకూడదని మా ఇంట్లో నేను పెట్టిన నియమం. తిని వచ్చి మళ్ళీ నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. పైమూల తెల్లటి చిన్న గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. ఎన్నిసార్లు కట్టి తీసినా అంతే.

కోడలి మొహంలో నెత్తురు లేదు. ఎందుకో నాకు తెలుసు. కె.కోటపాడులో ఒక పెళ్ళికి మావాళ్ళే ఫోటోలు తీశారు. పెళ్ళికూతురి తాత ఆ పెళ్ళి చూసి, కొద్దిరోజులకే పోయాడు. ఆయనకి చెప్పుకోదగ్గ ఫోటో మరొకటి లేదు. పెద్దకర్మకి పటం కట్టించాలని, మర్నాడు పొద్దున్నే వచ్చి తీసుకెళ్తామని ఆయన కొడుకు చెప్పి ఉన్నాడు. ఆ బొమ్మ ఉన్నది ఈ కంప్యూటర్లో మాత్రమే. కెమెరాలో పెట్టే కార్డులు ఎక్కువ కొనొద్దని చెప్పింది నేనే, అందుకని ఉన్న కార్డుని తుడిచేసి నా కొడుకు గోవాడ పట్టుకెళ్ళాడు.

కోడలు తమ్ముణ్ణి బజారు నుంచి పిలిపించింది. అతను వచ్చి కంప్యూటరు పక్క రేకు విప్పాడు. దుమ్ము ఊదాడు. లోపలి వైర్లు లాగి మళ్ళీ పెట్టాడు. ఆ పచ్చ ముక్క తీశాడు, జేబులో వేశాడు, అక్కడ నేను అడ్డుపడ్డాను. ముక్క రుద్ది పెట్టాక కూడా తెర మీద తెల్లగీతే. అప్పుడతను నిట్టూర్చి ఒక మాటన్నాడు.

“అక్కా, హార్డ్ డిస్క్ పోయినట్టుంది. మా కొట్లో ఒకటుంది, రేపు తెస్తాను. పాతదాంట్లో ఫోటోలు వస్తాయో రావో సెప్పలేను.”

నేను పొద్దుట్నుంచీ కాసుక్కూర్చున్న మాట అదే.

“అద్గదీ! ఇప్పుడొచ్చింది బైటికి. పొద్దున్న ఊరికే ఎక్కించేవు, సాయంత్రానికి మీ కొట్లో సరుకు కొనమంటన్నావు.”

“నేనమ్ముకోడానికొచ్చేనా అత్తయ్యా? మా అక్క పని ఆగిపోతే నాకేటి లాభం?”

“పొద్దున్న తెరుసుకున్నది మధ్యాన్నం ఎందుకు తెరుసుకోదు? నువ్వే ఏదో సేసేవు.”

అతనికీ కోపం వచ్చింది. “నేను సేసేనో, మెయిన్ స్విచ్ ఎవులైనా కట్టీసేరో! ఈ ఇంట్లో బల్బు వెలిగితే ఎవలికి నిద్దరట్టదో అందరికీ తెలుసు.”

“స్విచ్చి మీద నా సెయ్యి పడనేదు. నీ అక్కనడుగు.”

“కట్టింది నేనేరా, పద్ధతిగానే కట్టేను,” అంది కోడలు.

“ఇన్నావా? మా ఇంటికొచ్చి నన్నే అనుమానిస్తావేటిరా గుంటడా?”

“మీరు నా జేబులెతికించొచ్చు, నేను స్విచ్చి మాట అనకూడదా?”

“ఎల్లు! నీ మరమ్మత్తులూ వద్దు, నీ డిస్కూ వద్దు. మల్లీ ఈ గుమ్మం తొక్కకు.”

పక్క రేకు మాత్రం జాగ్రత్తగా బిగించి, సంచి తీసుకుని, అక్క వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. కోడలు బొత్తాం ఇంకోసారి నొక్కి చూసింది, మళ్ళీ తెల్లగీతే. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడగడం మొదలుపెట్టింది. నీళ్ళు ఆగకుండా కారుతున్న చప్పుడు వినపడింది. మామూలుగా అయితే కుళాయి కట్టమని కేక వేసేదాన్ని.

నేను ఆ కంప్యూటరు ఎదురుగానే కూర్చున్నాను. ఆ కుర్రాడి మీద నా అనుమానం తగ్గలేదు. కాని ఒక చిక్కుంది. మోసం చెయ్యదలుచుకున్నవాడు పొద్దున్న తెరిచి చూపించి వెళ్తాడా? వెళ్తాడు, నమ్మకం కలగడానికి. మరి ఫోను చెయ్యగానే బజారు నుంచి పరిగెత్తి వస్తాడా? వస్తాడు, అమ్మకం కుదురుతుందని. నేను దేనికైనా ఇలా రెండువైపులా సమాధానం చెప్పుకోగలను. ఒక్కదానికే చెప్పుకోలేకపోయాను: వెళ్ళేటప్పుడు ఆ రేకు అంత జాగ్రత్తగా ఎందుకు బిగించాడు?

దీపం పెట్టే వేళయింది. భజన పెట్టుకుందామని పాటల డబ్బా కోసం వెళ్ళాను. కంప్యూటరు వెనకాల ప్రింటరు వైర్లూ, నేను కప్పిన పాత చీర ముక్కా, అన్నీ కలిసిపోయి ఉంటాయి. చేత్తో తడిమి నా వైరు లాగేశాను. డబ్బా ఒడిలో పెట్టుకుని, చివరిసారి చూద్దామని ఆ బొత్తాం నొక్కాను.

తెల్లగీత రాలేదు. తెర మీద రంగు వచ్చింది. చిన్న పాట లాంటి చప్పుడు వచ్చింది. కోడలు తడిచేతులతో పరిగెత్తుకొచ్చింది.

“తెరుసుకుంది! ఏటి సేసేవత్తా?”

“నొక్కేను. అంతే.”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం సంతోషం కలగలేదు. దానంతటదే చెడినదాన్ని నమ్మను, దానంతటదే బాగుపడినదాన్ని అసలే నమ్మను. ముందు ఆ పెద్దాయన బొమ్మ నీ ఫోన్లోకి తీసుకోమన్నాను. తీసుకుంది. తీసుకున్నానని నాకు తెరిచి చూపించింది కూడా.

అప్పుడు ఆలోచించాను. ఇందాకటికీ ఇప్పటికీ ఈ గదిలో ఏం మారింది? ఆ కుర్రాడు వెళ్ళిపోయాడు. కాని అతను వెళ్ళాక కూడా కోడలు ఒకసారి నొక్కింది, తెరుచుకోలేదు. ఆ తరవాత మారింది ఒక్కటే. అది నా ఒడిలోనే ఉంది.

“దీన్ని మల్లీ కట్టు,” అన్నాను.

“ఇప్పుడా? వద్దత్తా, తెరుసుకుందిగా!”

“బొమ్మ నీ ఫోన్లో ఉన్నాదిగా. కట్టు.”

కట్టింది. నేను నా డబ్బా వైరు మళ్ళీ వెనకాల గుచ్చాను. బొత్తాం నొక్కమన్నాను. నల్లటి తెర, మూలన తెల్లగీత. వైరు లాగి, మళ్ళీ కట్టి నొక్కమన్నాను. రంగు వచ్చింది. నమ్మకం చాలక ఇంకోసారి చేయించాను. డబ్బా ఉంటే తెరుచుకోదు, తీస్తే తెరుచుకుంటుంది.

కోడలు డబ్బా వైపు చూసింది. తరవాత నా వైపు.

“ఎన్నాల్లనుంచి పెడతన్నావత్తా ఇక్కడ?”

“సాన్నాల్లయింది. ఇన్నాల్లూ అడ్డురానిది ఇవాలెందుకొచ్చింది? అదేటో మీ తమ్ముణ్ణడుగు.”

“నేనడగను. ఎల్లమన్నదానివి నువ్వు, నువ్వే అడుగు.”

అంతే అంది, వంటింట్లోకి వెళ్ళి కుళాయి కట్టింది. ఆ సాయంత్రం భజన పెట్టుకోలేదు. ఆ డబ్బా నోరు విప్పితే వినాలనిపించలేదు.

తెల్లవారగానే కోడలి ఫోను అడిగి తీసుకున్నాను.

“సెప్పక్కా.”

“అక్క కాదు, నేను.”

“సెప్పండి అత్తయ్యా,” అన్నాడు.

“మెషీను తెరుసుకుంది. డిస్కేటీ పోనేదు. నా పాటల డబ్బా ఎనకాల తగిలించి ఉన్నాది, అది తీస్తే తెరుసుకుంది. నిన్న నిన్నన్న మాటలు తప్పు. జేబు మాట కూడా తప్పు.”

“పాటల డబ్బానా? అందులో మెమరీ కార్డుందా అత్తయ్యా?”

“ఉన్నాది.”

“అమ్మో! అయితే తప్పు నాది కూడానండి. కొత్త సిస్టం పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాలి కదా, అందుకని ముందు బయట తగిలించినదాన్ని సూడు, తర్వాతే నీ లోపలిది సూడు అని మెషీనుకి సెప్పేను. పనయ్యేక ఆ మాట మార్సడం మర్సిపోయేను. అది మీ డబ్బాలో సిస్టం కోసం ఎతుక్కుంటా అక్కడే ఉండిపోయింది.”

“అందులో భజనలుంటాయి గాని సిస్టమెక్కడుంటాది?”

అతను నవ్వాడు. నేను నవ్వలేదు.

“మరి నిన్న అంతసేపు ఇప్పదీసి, ఆ వైరు సూసుకోలేదా?”

“ప్రింటరు వైరనుకున్నానండి. పైన మీ సీర గుడ్డొకటి.”

“వచ్చి ఆ మాటేదో మార్చీసి ఎల్లు. టిఫినిక్కడే.”

మోటారు సైకిలు మీద వచ్చాడు. గుమ్మం బయట ఆగి, “తొక్కొచ్చా అత్తయ్యా?” అన్నాడు. కోడలు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోపలికి రమ్మన్నాను. కంప్యూటర్లో ఏదో మార్చి, అయిపోయిందన్నాడు. అయిందో లేదో అతని మాట మీద ఎలా తెలుస్తుంది? డబ్బా తెచ్చి వెనకాల తగిలించి, కట్టి తెరవమన్నాను. తగిలించి ఉండగానే తెరుచుకుంది. అప్పుడు టిఫిను పెట్టాను.

అతను తింటూ ఉండగానే కె.కోటపాడు ఆయన వచ్చాడు. కోడలు బొమ్మ అచ్చు వేసి చేతికిచ్చింది. బొమ్మలో పెద్దాయన గుప్పెట్లో అక్షింతలు పట్టుకుని, పక్కన ఎవరితోనో ఏదో చెప్పబోతూ నోరు కాస్త తెరిచి ఉన్నాడు. ఆయన కొడుకు ఆ బొమ్మను వెలుతురులోకి పట్టుకుని చూశాడు. “మా నాన్న ఇలాగే ఉండీవోడు,” అని, మడత పడకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని, పటం కట్టించడానికి బజారుకి వెళ్ళాడు.

నేను డబ్బాని వంటింటి ప్లగ్గుకి మార్చుకున్నాను. ఆ కుర్రాడు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, చొక్కా జేబూ ప్యాంటు జేబులూ బయటికి లాగి, “సూసుకోండి అత్తయ్యా,” అన్నాడు.

దగ్గరికి వెళ్ళి చూశాను. ఏమీ లేవు.