జ్ఞాపకశక్తి పరీక్షకి డంప్స్

అమెరికాలో మనవాళ్ళకి పరీక్ష అంటే చదవడం కాదు, ప్రశ్నలు ముందే సంపాదించడం. ఆ సరుకు పేరు డంప్స్. వాటితో సర్టిఫికేషన్లు కొట్టాం, ఉద్యోగాలు కొట్టాం. అరవై తొమ్మిదేళ్ళ వయసులో జ్ఞాపకశక్తి పరీక్షకి కూడా డంప్స్ తెచ్చుకున్న ఘనుణ్ణి నేను.

నాలుగేళ్ళుగా మా ఊరు షామ్‌బర్గ్‌లో వారానికి మూడు రోజులు నాకు డయాలసిస్. కిడ్నీలు మానేసిన పని మిషను చేస్తుంది. బుర్ర మానేసిన పనికి ఇంకా మిషను రాలేదు. పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను, వేసుకున్న మాత్రలే మళ్ళీ వేసుకోబోయాను. వాటికి మా ఆవిడ సర్దుకుంది. ఒక మధ్యాహ్నం ఎర్ర లైటు దాటేశాక మాత్రం కారు తాళం తన హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది.

"డయాలసిస్ సెంటర్‌లో మెమరీ టెస్ట్ పెడతారటగా. మార్కులొస్తే ఇస్తాను," అంది.

నలభయ్యేళ్ళు ఈ దేశంలో కారు నడిపినవాణ్ణి పక్క సీట్లో కూరగాయల సంచీలా కూర్చోమంటే ఒళ్ళు మండదా?

డయాలసిస్‌లో నా పక్క కుర్చీ ఆయనది కరీంనగర్. ఆయనకి ఆ టెస్ట్ ముందు వారమే అయింది. "అన్నా, గా గుర్తుంచుకొమ్మన్న ఐదు మాటలు ఫోన్‌ల రాసి పెట్టిన. వాట్సాప్ చేస్త, బట్టీ కొట్టు," అన్నాడు. గొడుగు, నిమ్మకాయ, రైలు, దుప్పటి, వంతెన. వారం రోజులు స్నానం చేస్తూ వల్లించాను. మా ఇద్దరికీ ఇంజనీరింగ్ డిగ్రీలున్నాయని కూడా ఇక్కడ చెప్పాలి.

పరీక్ష పెట్టిన సోషల్ వర్కర్ ఆ మాటలే చెప్పి, కాసేపాగి అడిగింది. గడగడా అప్పజెప్పాను. "ఎక్సలెంట్" అంది. సిగ్గు లేకుండా పొంగిపోయాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదుతున్నానని అప్పుడు తోచలేదు. మా ఆవిడ నవ్వుతూ తాళం నా చేతిలో పెట్టింది.

తర్వాతి డయాలసిస్ అయ్యాక మా ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేనే డ్రైవ్ చేశాను. ఇల్లు పది నిమిషాల దూరం. అరగంట తర్వాత ఒక పెద్ద పార్కింగ్ లాట్‌లో ఆపి ఇంజన్ కట్టేశాను.

"ఇక్కడికెందుకండీ?"

"ఆఫీస్‌కి."

"మీరు రిటైరై ఆరేళ్ళయింది."

దారి తప్పడం ఆవిడ చూస్తూనే ఉంది. అన్ని మార్కులొచ్చిన మనిషికి తను దారి చెప్పడమేమిటని ఊరుకుందట. అప్పుడు నాకు భయమేసింది. ఎర్ర లైటు నాడు కూడా అంత భయం వెయ్యలేదు. వాట్సాప్ సంగతి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. దిగి అటు నుంచి వచ్చి నా వైపు తలుపు దగ్గర నిలబడింది. తాళం ఇచ్చేసి నేను పక్క సీట్లోకి మారాను.

ఇంటి దగ్గర కొట్టు, డయాలసిస్ సెంటర్ దాటి ఆవిడ ఎప్పుడూ డ్రైవ్ చెయ్యలేదు. లాట్ చివర, పెద్ద రోడ్డు ముందు ఆపింది.

"కుడివైపు చూడండి, ఏమైనా వస్తోందా?"

జాగ్రత్తగా చూశాను. "ఏమీ రావట్లేదు, పోనీ," అన్నాను.

ఆవిడ సరేనని తలూపి, ముందుకి వంగి, కుడివైపు మళ్ళీ తనే చూసుకుంది.