తగ్గిందని పైకెత్తిన చెయ్యి

సహోదరులారా, సహోదరీలారా, మన కొత్తపేట మందిరంలో ఇదే మైకు ముందు నిలబడి నేనొకసారి అబద్ధ సాక్ష్యం చెప్పాను, ఈరోజు అదే మైకు ముందు నిజం చెప్పడానికి వచ్చాను.

నేను కొబ్బరి దింపు పనివాణ్ణని మీకు తెలుసు. ఆ రోజుల్లో కుడి భుజం కీలు బిగుసుకుపోయి, చొక్కా వేసుకోవాలన్నా మా ఆవిడ కరుణ సాయం పట్టాల్సి వచ్చేది, చెట్టెక్కకపోతే పొయ్యి వెలగని ఇల్లు మాది, దిగులుతో సగం చచ్చిపోయాను. ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పాస్టరు అయ్యగారు ప్రార్థించి చెయ్యి పైకెత్తమన్నారు, అందరూ చప్పట్లు కొడుతున్నారు, నేను పళ్లు బిగబట్టి ఎత్తేశాను! నొప్పికి వచ్చిన కన్నీళ్లను ఆనందబాష్పాలనుకున్నారు, నేనూ కాదనలేదు, బాగుపడిపోయిందని మైకులో చెప్పేశాను.

అలా చెప్పినవాణ్ణి ఇంట్లో ఎలా కూర్చుంటాను? మర్నాడే చెట్టెక్కాను. పైన గెల నరకడానికి కత్తి ఎత్తేసరికి భుజం పట్టేసింది, పట్టు తప్పింది, చెట్టును వాటేసుకుని జరజరా కిందికి జారిపోయాను, బరువంతా ఆ కుడిచేతి మీదే పడింది. ఎవరూ చూడలేదు. చెట్టు కాస్త గీసుకుందని కరుణకు చెప్పాను. చెయ్యి వాచినా నోరు విప్పలేదు, విశ్వాసం లేనివాడంటారని నాకు నేను చెప్పుకున్నాను కానీ అసలు భయం నా పరువు గురించే.

పది రోజులకు మన మందిరంలోనే వైద్య శిబిరం పెట్టారు. చేతులతో కీళ్లు సరిచేసే కైరోప్రాక్టిక్ డాక్టరమ్మ వచ్చారు. అందరూ ఆవిడను నడుం డాక్టరమ్మ అనేవారు, అదే నాకు సాకు, నా నడుం బాగానే ఉందన్నాను.

"ఆవిడ భుజాలు, మోకాళ్లు, చీలమండలు కూడా చూస్తున్నారండి, నేను అడిగే వచ్చేను, పదండి" అంది కరుణ.

ఈమధ్య పడ్డారా అని డాక్టరమ్మ అడిగారు. పక్కనే పేర్లు రాస్తున్న అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, నా మొహమే చూస్తున్నారు. పడలేదండి, పాత నొప్పే కాస్త తిరగబెట్టింది అన్నాను.

"పాత బిగుసుకుపోవడమే అయితే ఇప్పుడే కదుపుతానండి. కొత్త దెబ్బ ఉంటే మాత్రం కదపకూడదు" అంటూ ఆవిడ రెండు చేతులతో నా భుజం పట్టుకున్నారు.

సహోదరులారా, నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే చెయ్యే పోతుంది, "ప్రభువా, నా నోరు నువ్వే తెరువు, నా వల్ల కావడం లేదు" అని లోలోపల ఏడ్చాను, ఎలా వచ్చిందో మాట, "ఆగండమ్మా, నేను చెట్టు మీంచి జారేను. ఆ శుక్రవారం నాకసలు తగ్గనే లేదు" అనేశాను!

డాక్టరమ్మ వెంటనే చేతులు తీసేశారు. అమ్మగారు కలం పక్కన పెట్టారు. "తగ్గలేదంటే మేమేమన్నా అనేవాళ్లమా నాన్నా? ఇంకో శుక్రవారం ప్రార్థన చేసేవాళ్లం కదా" అన్నారు. ఆ మాటకు చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

అమలాపురంలో ఎక్స్‌రే తీస్తే ఎముక విరగలేదని తేలింది, దేవునికి స్తోత్రం! వాపు పూర్తిగా తగ్గాకే డాక్టరమ్మ వారం వారం నెమ్మదిగా ఆ కీలు కదిపారు, గోడ మీద వేళ్లు పైకి పాకించే వ్యాయామం నేర్పారు, ఇంటిల్లిపాదీ ప్రార్థించాం. మళ్లీ చెట్టెక్కడం లేదు, కింద కాయలు వలుస్తున్నాను, చొక్కా నేనే వేసుకుంటున్నాను.

మీలో ఎవరికైనా తగ్గకపోతే తగ్గలేదని చెప్పండి, ప్రభువు నిజం విని మొహం తిప్పుకునేవాడు కాడు, ఆయన్ను నమ్మండి. ఇదిగో, చూడండి, నా చెయ్యి చెవి దాకా వస్తుంది. అంతకు పైకి రాదు, నేనూ ఎత్తను. వచ్చిన ఈ కాస్తకీ దేవునికే మహిమ.