అడిగి ప్రార్థన చేసే టీచరుగారు

మా పక్కింటి టీచరుగారు పోయేరు. ఆ కబురు నాకు ముందు తెచ్చింది ఆవిడ భర్త మాస్టారే. పొద్దున్నే నేను పెరట్లో అంట్లు తోముతుంటే కంచె దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆయన అలా వచ్చి పిలిచే మనిషి కాదు. చేతిలో కాఫీ గ్లాసు ఉంది.

"అమ్మా, ఓసారి వస్తారా. మీ టీచరుగారు లేవట్లేదండి" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది.

నేను వెళ్ళేసరికి ఆవిడ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నేనేం చెప్పకుండానే ఆయనకి తెలిసిపోయింది. అయినా కాఫీ గ్లాసు స్టూలు మీద పెట్టి, చల్లారిపోకుండా మూత పెట్టేరు.

పాస్టరుగారు వచ్చి, ఆవిడ ప్రభువు సన్నిధికి వెళ్ళేరనీ, దుఃఖపడవద్దనీ చెప్పేరు. ఆయన మంచికే చెప్పేరు. నేను ఆ సంఘం మనిషిని కాదు. మా ఇంట్లో దేవుడి మందిరం ఉంది, శుక్రవారం దీపం పెడతాను. నాకు మటుకు దుఃఖం ఆగట్లేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆగట్లేదు.

నేను రాజోలు దగ్గరి ఈ ఊరికి కోడలిగా వచ్చేటప్పటికి టీచరుగారు ఇక్కడి బడిలోనే పనిచేస్తున్నారు. సాయంత్రాలు బడి నుంచి వచ్చి, ఎవరింట్లో జ్వరమంటే అక్కడికి, ఎవరింట్లో పురుడంటే అక్కడికి వెళ్ళేవారు. కాసేపు కూర్చుని, లేచేముందు ఒక్క మాట అడిగేవారు. "ప్రార్థన చేసుకుందామాండి?" సరేనంటే రెండు నిమిషాలు కళ్ళు మూసుకునేవారు. వద్దులెండి అంటే, "ఆయ్, అలాగేనండి" అనేసి ఆ పూట కూరేంటో అడిగేవారు. ఆ రెండింటికీ ఆవిడ మొహంలో తేడా కనబడేది కాదు.

ఒకసారి నేనే అడిగేను, ఎందుకండీ ప్రతిసారీ అడగడం, మనసులో చేసేసుకోవచ్చు కదా అని.

"మనసులో ఎలాగూ చేస్తానండి. మీరు ఊఁ అంటే అది మనిద్దరిదీ అవుద్ది" అన్నారు.

కార్తీకమాసంలో మేం నీచు ముట్టమని, వాళ్ళింట్లో చేపలు వండిన రోజు మా వైపు కిటికీ మూసుకునేవారు. ఆ ఉక్కలో, ఆ పొగలో వండుకునేవారు. ఎవరూ అడగలేదు ఆవిడని. నాకది చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు.

మా అత్తగారు బతికున్నన్నాళ్ళూ టీచరుగారు మా గుమ్మం దాటలేదు. టీచరుగారి తల్లి ఒకప్పుడు మా చేలల్లో ఊడ్పులకి వచ్చిన మనిషి. ఆవిడని రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా అనలేదు. వీధి అరుగు మీద కుర్చీ వేస్తే కూర్చునేవారు, మంచినీళ్ళు అడిగేవారు కాదు. అత్తగారు పోయేక కూడా అదే అలవాటు మిగిలిపోయింది.

మా ఆయన మస్కట్‌లో కరెంటు పని చేసేవారు. పనిలో పైనుంచి పడిపోయేరని ఆయన గదిలో ఉండే అతను ఫోన్ చేసేడు. పోయేరని కాసేపాగి చెప్పేడు. కాయితాలు కుదరక శవం వారాల తరబడి రాలేదు. చుట్టాలు నాలుగురోజులు ఏడ్చి, వచ్చేక మళ్ళీ వస్తామని వెళ్ళిపోయేరు. కర్మ చేయడానికి లేదు, చెయ్యకుండా ఉండడానికి లేదు. నేను, నా కూతురు, తోమని గిన్నెలు.

అలాంటి రోజున టీచరుగారు వచ్చేరు. అరుగు దగ్గర ఆగలేదు. గుమ్మం దాటి, హాలు దాటి, నేను పడి ఉన్న వంటింట్లోకి వచ్చి కింద కూర్చున్నారు. అప్పటిదాకా నన్ను మీరు అనే మనిషి, "అమ్మాయ్, ప్రార్థన చేయమంటావా?" అని అడిగేరు.

"మా ఆయన్ని లేపమని చెయ్యండి. అది తప్ప నాకింకేం వద్దు" అన్నాను.

"అది నా కూతురు పోయినప్పుడు అడిగేనమ్మా" అన్నారు టీచరుగారు.

ఆవిడకి కూతురుండేదని నాకు అప్పటిదాకా తెలీదు. ఇంకేమీ చెప్పకుండా కొంగు దోపుకుని లేచేరు. నిలవున్న అంట్లు తోమేరు. అన్నం వండి, పప్పు పెట్టి, నా పిల్లకి కలిపి తినిపించేరు. శవం వచ్చేదాకా రోజూ అంతే. ఆ రోజుల్లో మళ్ళీ ప్రార్థన మాట ఎత్తలేదు. పెట్టె వచ్చినప్పుడు మూత తీయొద్దన్నారు. నేను దాని మీద పడిపోతే, నన్ను లేపాలని అందరూ పట్టుకు లాగుతున్నారు. "వదిలెయ్యండి దాన్ని, ఏడవనివ్వండి" అని అరిచింది టీచరుగారొక్కరే. ఆవిడ గట్టిగా మాట్లాడగా విన్నది అదొక్కసారే.

పోయినేడు ఆవిడకే గుండె జబ్బు బయటపడింది. మాస్టారికి మోకాళ్ళ నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. అందుకని సఖినేటిపల్లి రేవు దాటి నర్సాపురం ఆసుపత్రికి నేను తీసుకెళ్ళేదాన్ని. బళ్ళనీ మనుషుల్నీ రేవు దాటించే పంటు మీద నిలబడి, గోదారిని చూస్తూ ఒకరోజు ఆవిడే చెప్పేరు. కూతురు నర్సింగ్ చదువుతూ కామెర్లతో పోయిందట.

"ఏడాది పాటు నాకు ప్రార్థన రాలేదమ్మాయ్. ఆదివారం వెళ్ళి కూర్చునేదాన్ని. అందరూ పాడేవారు, నేను వినేదాన్ని. ఆ ఏడాది నా బదులు వాళ్ళే నమ్మేరు. అందుకే నీ దగ్గరకొచ్చి ఏం చెప్పలేకపోయేను."

"మళ్ళీ ఎలా వచ్చిందండి?"

"వంకాయలు తరుగుతుంటే వచ్చింది. ఏమని చేసేనో గుర్తులేదు. వంకాయలు మాత్రం గుర్తున్నాయి" అని నవ్వేరు.

డాక్టరుగారు ఏం చెబుతారో అని నాకు భయంగా ఉంది. ఆ రోజు మొదటిసారి నేనడిగేను, "ప్రార్థన చేసుకుందామాండి?" అని. ఆవిడ నా మొహంలోకి చూసి, నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంజను మోతలో నాకొక్క ముక్క వినబడలేదు. అయ్యేక, ఏం అడిగేరని అడిగేను.

"నీ పిల్ల ఇంటర్ గురించి."

"మరి మీ గుండె?"

"ఆయ్, మర్చిపోయేను" అన్నారు.

ఆవిడ పోయిన రోజున సంఘం ఆడవాళ్ళతో కలిసి నేనూ ఆవిడకి స్నానం చేయించి చీర కట్టేను. మా అరుగు మీద మంచినీళ్ళు అడగని మనిషి వంటి మీద చెంబుతో నీళ్ళు పోసేను. నాకు నమ్మకం ఉందో లేదో నాకు తెలీదు. వాళ్ళ దేవుడు కూడా ఆవిడలాగే ఉంటే, ఆయనతో నాకు పేచీ లేదు. ఇంత త్వరగా ఆవిడని ఎందుకు తీసుకెళ్ళేడన్న ఒక్క పేచీ తప్ప.

సమాధి చేసిన తర్వాత వచ్చిన ఆదివారం, మాస్టారు తెల్లచొక్కా వేసుకుని చర్చికి బయల్దేరేరు. నేను గేటు దగ్గర నిలబడ్డాను. బండి స్టార్ట్ చేసి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి, కదలకుండా ఉండిపోయేరు. వెనక ఆవిడ ఎక్కి, కొంగు సర్దుకుని, భుజం మీద చెయ్యి వేసేదాకా ఆగడం ఆయనకి నలభై ఏళ్ళ అలవాటు. ఇంజను అలా ఆడుతూనే ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు. కాసేపటికి బండి మెల్లగా కదిలింది. ఆయన సీటు చివరికంటా ముందుకి జరిగే కూర్చున్నారు, వెనక చోటు వదిలి.