తమ్మునికి తెచ్చిన పూలదండ

జర దగ్గరికి జరిగి కూసోండ్రి, చెప్త. అరవైలల్ల ముచ్చట. మాది ఎడపల్లి. అమ్మ పోయినంక తమ్మున్ని నేనే పెంచిన. బోధన్ బడిల వాడు అన్నిట్ల ఫస్టు. హైదరాబాదుల ఇంజనీరింగు సీటొచ్చింది.

మొదటి పరీక్షలు రాసి సెలవులకు వస్తున్నడంటే, అక్కడ గూడ ఫస్టే వచ్చి ఉంటడని నాకు నేనే అనుకున్న. డప్పులోళ్ళను పిలిచి, పూలదండ పట్టుకొని బస్సాగే కాడ నిలబడ్డ. తమ్ముడు దిగిండు. డప్పులు చూసి మొఖం పాలిపోయి, మళ్ళ బస్సెక్కిండు! నేను గూడ ఎక్కిన. బస్సు కదిలింది.

"అక్కా, లెక్కలల్ల తప్పిన. ఇగ చదువు బంద్. చెరుకు కొట్టుకుంట."

"గంత కష్టమారా?"

"అక్కడ అందరు వాళ్ళ వాళ్ళ ఊర్ల ఫస్టులే. సగం మంది తప్పిండ్రు. సార్లు ఒక్క మార్కు వేయాలంటే సొంత పన్ను పీకిచ్చినట్టు చేస్తరు."

"మరి గా సగం మంది అక్కలు గూడ డప్పులు పెట్టిచ్చిండ్రా?"

ఏడుస్తున్నోడు ఫక్కున నవ్విండు.

బోధన్‌ల దిగి, చక్కెర ఫ్యాక్టరీల చెరుకు దించి వస్తున్న ఎడ్లబండెక్కి తిరిగొచ్చినం. డప్పులోళ్ళు ఇంకా అక్కడనే బీడీలు తాగుతున్నరు.

"ఫస్టేనా అక్కా?" అన్నరు.

"తప్పిండు. అయితేంది? మా తమ్ముడు ఇంటికొచ్చిండు, కొట్టుండ్రి" అని వాని మెడల దండేసిన. వాడు తల వంచుకొనే నడిచిండు గని, ఇంటిదాక నా చెయ్యి విడవలే.

సెలవులైనంక మళ్ళ పోయిండు. ఆ లెక్కలు మళ్ళ రాసి అత్తెసరు మార్కులతోటి గట్టెక్కిండు. "ఈసారి డప్పులోళ్ళను పిలవకు అక్కా" అని ముందే కబురు పంపిండు.

మీ పిల్లలు గెలిచొచ్చినా, ఓడొచ్చినా మీ గడప వాళ్ళకు చల్లగుండాలె. మీ ఇల్లు పచ్చగుండాలె.