మెంబరు కూడా చెయ్యెత్తింది

విలాసిని పంచాయతీ మెంబరు అయ్యేనాటికి ఇరవై ఏళ్ళుగా జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతోంది. కేరళలో మా కొల్లం వైపు ఆడవాళ్ళలో సగం మంది వేళ్ళు ఆ పిక్కల నూనెకి నల్లబడినవే, ఆవిడవీ అంతే. వార్డు ఆడవాళ్ళకి కేటాయించారని పార్టీవాళ్ళు ఇంటికొచ్చి, "నీకు శత్రువులు లేరు విలాసినీ, నువ్వే నిలబడాలి" అన్నారు. శత్రువులు లేకపోవడం కూడా ఒక అర్హతేనా, నా తలకాయ! నిలబడింది, గెలిచింది.

గెలిచాక తెలిసింది అసలు సంగతి. నీళ్ళ గొట్టం పగిలితే మెంబరు, వీధి దీపం ఆరిపోతే మెంబరు, చచ్చిన కుక్కని తీయించాలన్నా మెంబరే. పెళ్ళికీ, గృహప్రవేశానికీ, పసిబిడ్డకి మొలతాడు కట్టే వేడుకకీ మెంబరు రావాలి, చేతిలో కవరు పట్టుకుని మరీ రావాలి. ప్రభుత్వం ఇచ్చే గౌరవ వేతనంలో పార్టీ తన వాటా తీసుకోగా మిగిలింది ఆ కవర్లలోకే పోయేది. ఓణం వచ్చే చింగం నెలలో ముహూర్తాలు మొదలైతే ఆవిడకి గుండె దడ.

"కవరు ఇంత పలచగా ఉందేంటి మెంబరే? మా పిల్లది పెళ్ళి కాదా?" అని ఓసారి మొహమ్మీదే అనేసింది చెంపకం. ఆవిడెవరో పరాయిది కాదు, ఫ్యాక్టరీలో పక్క పీట మీద కూర్చుని పిక్కలు కొట్టే మనిషి.

ఇంట్లో చూస్తే మొగుడు భాసురన్. ఒకప్పుడు కొబ్బరి చెట్లెక్కిన మనిషి, రెండు కిడ్నీలూ పాడై మంచం పట్టాడు. వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తేనే ప్రాణం. అది ఈఎస్ఐ కార్డు మీద జరుగుతుంది, ఆ కార్డేమో విలాసిని ఫ్యాక్టరీ హాజరు మీద బతుకుతుంది. ఫ్యాక్టరీ తెరిచేదే ఏడాదిలో కొన్నాళ్ళు. సరిగ్గా ఆ రోజుల్లోనే కమిటీ మీటింగు అనేవారు, రోడ్డు కొలతలు అనేవారు. "పని మానేసి మెంబరుగిరీకి పోతే నేను హాజరు వెయ్యలేనమ్మా, ఉన్నమాట చెప్తున్నా" అన్నాడు మేస్త్రి. ఆ విడత హాజరు చాలలేదు. కార్డు ఆగిపోయింది.

మెడలో గొలుసు అమ్మి ప్రైవేటు ఆసుపత్రిలో వైద్యం నడిపించింది. వార్డులో ఎవరికి పెద్ద జబ్బు చేసినా ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు రాయించి, తాలూకా ఆఫీసు చుట్టూ తిరిగేది ఆవిడే. భాసురన్ పేరు మాత్రం రాయలేదు.

"మెంబరు తన ఇంటికి తనే రాసుకుందంటారు" అంది.

"అననీ! వాళ్ళొచ్చి నా ఒంట్లో నీళ్ళు తీస్తారా?" అన్నాడు భాసురన్.

వినలేదు. మాట పడకూడదనే ఈ పిచ్చి మా వైపు మనుషులకి పుట్టుకతోనే వస్తుంది. అన్నం లేకపోయినా ఫర్వాలేదు, నలుగురూ వేలెత్తి చూపకూడదు. పాడు రోషం!

అలాంటి రోజుల్లో పేపర్లో వచ్చింది, మెంబర్ల గౌరవ వేతనం బాగా పెంచబోతున్నారని. విలాసిని ఆ వార్త భాసురన్‌కి రెండుసార్లు చదివి వినిపించింది. పెరిగితే కవర్లూ పార్టీ వాటా పోగా డయాలసిస్‌కి సరిపోతుంది. ఆ రోజు ఇద్దరూ కర్రపెండలం, చేపల పులుసు తృప్తిగా తిన్నారు. ఆయనకి పులుసు పడదని తెలిసీ ఒక గరిటె వేసింది.

టీ కొట్లో మాత్రం ఆ వార్తకి అగ్గి రాజుకుంది. ఆ పై నెల గ్రామసభ స్కూలు హాల్లో పెట్టారు. ప్రెసిడెంటు రాలేదు గనక విలాసినే కుర్చీలో కూర్చుంది. రిటైరైన హెడ్మాస్టరు సుకుమార పిళ్ళ లేచి మైకు అందుకున్నాడు.

"ఎమ్మెల్యేలు పెంచుకున్నారు, ఇప్పుడు వీళ్ళ వంతు! ప్రజాసేవకి కూలేమిటండీ? ఈ పెంపు మాకొద్దని సభ తీర్మానం చెయ్యాలి."

నెలనెలా పెన్షను అందుకునే పెద్దమనిషి, సేవకి కూలేమిటని అడుగుతున్నాడు! హాలంతా చప్పట్లు.

"అంతేగా మరి! రేషన్ కొట్లో బియ్యం లేవుగానీ వీళ్ళకి జీతాలా?" అని వెనక నుంచి చెంపకం అరిచింది.

విలాసిని లేచింది. ఫ్యాక్టరీ హాజరు సంగతి, కార్డు సంగతి, ఇంట్లో మనిషి సంగతి ఇవాళ చెప్పేయాలనుకుంది. "నేనొక మాట... మా ఇంట్లో..." అంది.

"మెంబరే, మీ జీతం గురించి మీరే మాట్లాడితే ఏం బాగుంటుంది? కూర్చోండి" అన్నాడు పిళ్ళ నవ్వుతూ. జనమంతా గొల్లున నవ్వారు.

ఆ నవ్వుకి ఆవిడ చెవులు కాలిపోయాయి. మైకు లాక్కుని, "నాకు పైసా అక్కర్లేదు. జీతం కోసం రాలేదు నేను. తీర్మానానికి నేనూ ఒప్పుకుంటున్నా" అని చెయ్యెత్తింది. నల్లటి వేళ్ళ చెయ్యి. పిళ్ళ తీర్మానానికి పడినదానికంటే గట్టిగా పడ్డాయి చప్పట్లు.

ఇంటికొస్తే భాసురన్ మెలకువగానే ఉన్నాడు. స్కూలు వాళ్ళ పెరటి వెనకే, మైకు మంచం దాకా వినబడుతుంది.

"బాగా మాట్లాడావు. చప్పట్లు కూడా వినబడ్డాయి" అన్నాడు.

కోపంగా అని ఉంటే బతికిపోయేది. మామూలుగా అన్నాడు.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్ళే ఆటో వచ్చింది. భాసురన్ లేవలేదు. "నువ్వెళ్ళు నాయనా" అని డ్రైవర్ని తనే పంపేశాడు. విలాసిని గడప మీద కూలబడి ఏడ్చింది, కాళ్ళు పట్టుకుంది, గాజులు తీసి చూపించింది.

"ఇవి తాకట్టు పెడితే ఎన్ని వారాలకి వస్తుంది? ఆ తర్వాత? అక్కర్లేదని నలుగురి ముందూ చెప్పిన దానివి, రేపు ఎవర్ని అడుగుతావు?" అన్నాడు.

సహాయ నిధికి దరఖాస్తు ఆ మధ్యాహ్నమే పెట్టింది. దాని మీద సంతకాలు పూర్తి కాకముందే, పది రోజుల్లో భాసురన్ పోయాడు.

వార్డంతా వచ్చింది. చెంపకం గుండెలు బాదుకుని ఏడ్చింది, అది దొంగ ఏడుపేం కాదు. సుకుమార పిళ్ళ మడిచి కట్టిన పంచె మర్యాదగా కిందికి దించి, విలాసిని ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంత కష్టంలో ఉండి ఒక్క మాట చెప్పకూడదా మెంబరే? మేమంతా లేమా? తలో చెయ్యీ వేసేవాళ్ళం కదా!"

"చెప్పబోయాను మాష్టారూ. కూర్చోమన్నారు" అంది విలాసిని.

అంతలో ఎవరో గుమ్మంలోంచి తొంగిచూసి, అలవాటు కొద్దీ ఆవిడనే అడిగారు.

"మెంబరే, ఐసు పెట్టె కావాలి. ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

ఆ నంబరు ఆవిడకి నోటికొచ్చు. చెప్పింది.