ఇళ్ల బాబాయి ప్రాసెసరు

తప్పు నాదే. ఇళ్ల బాబాయి కంప్యూటరు పని నేను పూర్తిచేసేశాను. పూర్తిచేస్తే తప్పేమిటని మీరు అడగొచ్చు. ఆ పని సాగినంతకాలమే ఆదివారాలు ఆయన గది తలుపు ఎవరో ఒకరు తట్టేవాళ్లు. ఆ ఎవరో ఒకరు నేనే. పని అయిపోతే నేను రాను. ఈ సంగతి ఆయనకు మొదటిరోజే తెలుసు. బుర్ర మోకాల్లో ఉన్నవాణ్ణి కనక నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆయన్ని మా వీధిలో అందరూ ఇళ్ల బాబాయి అంటారు. ఇళ్లున్నాయని కాదు. ఉండేది మూడో అంతస్తులో ఒకే గది, అదీ అద్దెకి. ఆయన పని ఇంకా కట్టని ఇళ్లకు బొమ్మలు చేసిపెట్టడం. బిల్డరు ప్లాను పంపిస్తే దాన్ని కంప్యూటర్లో గోడలుగా లేపి, రంగులేసి, కిటికీలోంచి ఎండ పడేట్టు చేసి, కొనేవాళ్లకి నోరూరేలా తయారుచేస్తాడు. అసలు ఇల్లు లేచేసరికి ఏళ్లు పడుతుంది. ఈయన తెరమీద మాత్రం వారం తిరక్కుండా కాపురం మొదలైపోతుంది.

ఖాళీ ఇల్లు అమ్ముడుపోదని బొమ్మలో మనుషుల్ని కూడా అతికిస్తారు. బాబాయి దగ్గర ఒకటే కుటుంబం ఉంది. కప్పు పట్టుకుని బాల్కనీలో నిలబడే ఆవిడ, సోఫాలో పేపరు చదివే ఆయన, నేలమీద బొమ్మకారుతో ఒక పాప. ఏళ్ల తరబడి ఏ ఇల్లు చేసినా అందులో దిగేది వీళ్లే.

"ఆవిడ చేతిలో టీ ఎప్పుడో చల్లారిపోయుంటుంది బాబాయ్" అన్నానొకసారి.

"ఆవిడ తాగదురా. మొగుడు పేపరు దించి ఒక్క మాటన్నా మాట్లాడతాడేమోనని చూస్తోంది" అన్నాడు, తెరమీంచి కళ్లు తీయకుండా.

ఇంకోసారి ఆయన చూడకుండా ఆ సోఫాలో, పేపరాయన పక్కన, బాబాయి ఫోటోనే కత్తిరించి కూర్చోబెట్టాను. చిరుగుల బనీనుతో సహా. బిల్డరుకి పంపేలోపు పట్టుకున్నాడు. తిడతాడని చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. కాసేపు చూసి, మౌసుతో మెల్లగా తీసేశాడు. "పరాయివాళ్లింట్లో అంతసేపు కూర్చుంటే ఏం బావుంటుంది" అన్నాడు.

కుర్రతనంలో ఈ పనే ఏటవాలు బల్లమీద టీ-స్క్వేరు బద్ద పెట్టుకుని, ఇంకు పెన్నుతో చేసేవాడట. గీత వంకరపోతే బ్లేడుతో గీకి మళ్లీ గీయాలి. కంప్యూటర్లొచ్చి ఆఫీసులో బల్లలన్నీ ఎత్తేస్తే, తన వయసులో సగం లేని పిల్లల పక్కన కూర్చుని మౌసు పట్టుకోవడం నేర్చుకున్నాడు. పెళ్లి మాట ఎవరో ఒకరు ఎత్తారు, ఇంకెవరో దించారు, చివరికి అందరూ మర్చిపోయారు. చాలాకాలం అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. అన్నయ్యావాళ్లు సొంత ఇల్లు కట్టుకుంటే దానికి బొమ్మ చేసింది కూడా ఈయనే. ఆ ప్లానులో తనకి గది లేదని ఇంటిల్లిపాదిలో ముందుగా తెలిసిందీ ఈయనకే.

"మరి అడగలేదా?" అన్నాను.

"ఏమని అడుగుతాన్రా? గోడలన్నీ లేపింది నేనేగా."

ఇక ఆ కంప్యూటరు సంగతి. అది ముసలిది. బొమ్మకి చివరి మెరుగులు దిద్దడానికి ఒక పూటంతా మూలిగేది. కొత్త మిషన్లున్న కుర్రాళ్లు అదే పని భోంచేసి వచ్చేలోపు ఇచ్చేస్తున్నారని బిల్డరు దెప్పిపొడిచాడట. ఈయనకి కొత్తది కొనే స్తోమత లేదు. అప్పుడు కింద షాపు టైలరక్క నా మాట చెప్పింది. మా వీధిలో నాకు పేరుంది. ఎక్కువ పేరు అల్లరికి, కొంచెం కంప్యూటర్లకి. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడి, సొంత మదర్‌బోర్డు ఒకటి కాల్చుకుని నేర్చుకున్న విద్య.

"ప్రాసెసరుకి కంపెనీ ఒక వేగం పెట్టి అమ్ముతుంది బాబాయ్. కొన్నిటికి ఇంకొంచెం పరిగెత్తే ఓపిక ఉంటుంది. అలాంటివాటి వేగానికి తాళం వెయ్యకుండానే ఇస్తారు. నీదీ ఆ రకమే. మనం తోలితే పోతుంది."

"ఎక్కడికి పోతుంది?"

"పైకి."

"నా భయమూ అదే" అన్నాడు.

ఓవర్‌క్లాకింగ్ అని పెద్ద పేరు పెట్టారు గానీ చేసేది ఇంతే. వేగం పెంచితే వేడి పెరుగుతుంది. వేడి మితిమీరకుండా చూసుకోవాలి. ముందు ఫ్యాన్లకి పట్టిన దుమ్ము దులిపి, ప్రాసెసరు మీద ఎండిపోయిన, వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది రాయాలి. తర్వాత వేగాన్ని ఒక్కటంటే ఒక్క మెట్టు పెంచాలి. దానిచేత గొడ్డుచాకిరీ చేయించే పరీక్ష ప్రోగ్రాం ఒకటుంది, అది నడిపించి గంటల తరబడి వేడి గమనించాలి. తట్టుకుంటే ఇంకో మెట్టు. తట్టుకోకపోతే ఒక మెట్టు కిందికి. వోల్టేజి జోలికి తప్పనిసరైతే తప్ప పోకూడదు. నా బోర్డు దాని జోలికి పోయే బూడిదైంది.

ఇదంతా విని ఆయన అడిగింది ఒకటే. "ఆ పరీక్ష జరిగినంతసేపూ మనిషుండాలా?"

"ఉంటే మంచిది."

"అయితే ఉండు. ఆదివారానికి ఒక్క మెట్టే ఎక్కిద్దాం. నాకేం తొందర్లేదు."

బిల్డరు పీకలమీద కూర్చుంటే ఈయనకి తొందర లేకపోవడమేమిటని నాకు తట్టలేదు.

మొదటి ఆదివారం గదిలో ఒకటే కుర్చీ. నేను మానిటరు వచ్చిన అట్టపెట్టె మీద కూర్చుంటే అది నాతో సహా చతికిలబడింది. తర్వాతి ఆదివారానికి ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. ఎక్కడిదంటే "మూలన పడుంటే తీశా" అన్నాడు. షాపువాళ్లు అంటించిన చీటీ ఇంకా దాని కాలికే ఉంది.

ఆయన పొయ్యి దగ్గర టీ కాస్తూ అక్కణ్ణుంచే అడిగేవాడు. "జ్వరం ఎంతుంది?"

"డెబ్బై నాలుగు, సెంటీగ్రేడులో."

"మనమైతే ఈపాటికి ఉడికి దిగేవాళ్లం."

"ఎనభై దాటితే ఆపేద్దాంలే బాబాయ్. ఇది మనకంటే గట్టి పిండం."

గ్లాసులు తెచ్చి, కేసు వెనక వేడిగాలి వచ్చే చోట కాసేపు అరచెయ్యి పెట్టి ఉంచేవాడు. అంకె తెరమీద కనబడుతూనే ఉన్నా సరే. తర్వాత మాటల్లో పడేవాడు. ఒకసారి తను బొమ్మ చేసిన ఇల్లు కట్టడం అయిపోయిందని తెలిసి, బస్సెక్కి వెళ్లి రోడ్డుకి అటుపక్కన నిలబడి చూశాడట. బాల్కనీ అచ్చం తను పెట్టినట్టే ఉందట. అందులో ఎవరో ముసలాయన దుప్పటి దులుపుతున్నాడట.

"కప్పావిడ లేదా మరి?"

"లేదు. గేటు దగ్గర నేను పెట్టిన చెట్టు కూడా లేదు. ఆయన నన్ను చూసి, ఎవరు కావాలని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"అడ్రసు తప్పానని చెప్పా" అని గ్లాసు కిందపెట్టాడు. "జ్వరం ఎంతుందో చూడు."

నాలుగైదు మెట్లెక్కాక ఒక ఆదివారం మిషను బిగుసుకుపోయింది. నేను తాపీగా ఒక మెట్టు దించి, ఫ్యాను మార్చి చూద్దామన్నాను. ఆయన కంగారుపడలేదు సరికదా కాస్త సంబరపడ్డట్టే కనిపించాడు. "అయితే ఇంకా చాలా పనుందన్నమాట" అన్నాడు. అప్పుడైనా నాకు వెలగాలి. వెలగలేదు.

ఓపిక నాకు పుట్టుకతోనే తక్కువ. ఒకరోజు ఆయన బిల్డరు దగ్గరికి పోతూ, కొత్త ఫ్యాను గరగరమంటోంది చూడమని తాళంచెవి ఇచ్చాడు. వచ్చేసరికి అంతా అయిపోయుంటే ఎంత మురిసిపోతాడో అనుకున్నాను. ఫ్యాను బిగించి, మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కించాను. మిషను గుడ్లు తేలేసింది. రెండు దించితే నిలబడింది. వేడి పెరిగితే ఫ్యాను తనంతట తనే వేగం పుంజుకునేలా, మరీ పెరిగితే మొత్తం ఆగిపోయేలా కట్టుదిట్టం చేశాను. పొద్దువాలేదాకా పరీక్ష నడిపించాను. ఎక్కడా తొణకలేదు.

ఆయన రాగానే కాలరెగరేశాను. "అయిపోయింది బాబాయ్. ఇంక దానికి కాపలా అక్కర్లేదు. నేనూ రానక్కర్లేదు."

సంచి కిందపెట్టకుండానే తెర వైపు చూశాడు. "మొత్తమా?"

"మొత్తం."

"ఇంకొక్క మెట్టు కూడా ఎక్కదంటావా?"

"ఎక్కిస్తే చస్తుంది."

"మంచిది" అన్నాడు. సంచి కిందపెట్టి, "టీ తాగి పో" అన్నాడు.

"పనుంది" అన్నాను. పనేమీ లేదు.

ఆ ఆదివారం ఒక స్నేహితుడి గదికి పోయి, వాడి కీబోర్డులో అక్షరాల బిళ్లలన్నీ అటుదిటు చేసి పెట్టాను. వాడు ఊళ్లో లేడట. తిట్టేవాడు లేకపోతే అల్లరి ఉప్పులేని పప్పే. మిగిలిన రోజంతా వీధులు కొలిచాను. ఆ పై ఆదివారం కూడా అంతే. సాయంత్రం తిరిగొస్తుంటే టైలరక్క మిషను ఆపి పిలిచింది.

"ఏరా, మీ బాబాయి కంప్యూటరు బాగుచేశావా, చెడగొట్టావా?"

"బాగుచేశానక్కా. గుర్రంలా పోతోంది."

"మరి మనిషేంటి కుంటుతున్నాడు? ఆదివారం పూట రెండు పాల ప్యాకెట్లు కొనేవాడు, ఇప్పుడు ఒకటే కొంటున్నాడు. నిన్న ఒక చొక్కా పట్టుకొచ్చి బొత్తాలు కుట్టమన్నాడు. చూస్తే అన్ని బొత్తాలూ గట్టిగానే ఉన్నాయి. ఊడగొట్టి మళ్లీ కుట్టా, ఏం చెయ్యను? కూర్చున్నంతసేపూ నీ పోరంబోకు కబుర్లే చెప్పాడు."

మెట్లెక్కి వెళ్లాను. తలుపు తీసే ఉంది. తెరమీద ఇల్లు తయారై కూర్చుంది. మామూలుగా చీకటిపడేదాకా పట్టే పని, వెలుగుండగానే ముగిసింది. మిగిలిన వెలుగుని ఏం చేసుకోవాలో తెలియనట్టు ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

క్షమించమనడం నా నోటికి అలవాటు లేదు. అబద్ధమైతే తడుముకోకుండా వస్తుంది.

"బాబాయ్, కొంప మునిగింది. ఎండలు ముదిరాయి కదా, మనం చేసిన పరీక్ష ఇప్పుడు చెల్లదు. గది వేడెక్కితే ప్రాసెసరూ వేడెక్కుతుంది. నాలుగు మెట్లు దించి, మళ్లీ మొదట్నుంచి ఒక్కోటీ ఎక్కించాలి. ఆదివారానికి ఒకటే. దగ్గరుండి చూసుకోవాలి. వేసవంతా పట్టినా పడుతుంది."

ఆయన తల తిప్పలేదు. మౌసు కదిపి వేడి అంకె తెరిచాడు. అది ఎక్కడుండాలో అక్కడే, కుదురుగా ఉంది. నన్ను చాలాసేపు దాన్ని చూడనిచ్చి, అప్పుడు అన్నాడు.

"అది నిక్షేపంలా ఉందిరా. ఆదివారం పూట నీకెక్కడా దిక్కులేదని చెప్పి కూర్చోవచ్చుగా, మధ్యలో దానికెందుకు లేని రోగం అంటగడతావు?"